ఈ రాత్రికి లీడరు

"ఇంకా లోతుకి," అంది శిక్షకురాలు. "బొమ్మ ఏమీ అనుకోదు. నొక్కండి."

అక్క బొమ్మ ఛాతీని నొక్కుతూనే ఉంది. రాత్రంతా డ్యూటీ చేసి, ఇంటి మొహం కూడా చూడకుండా, కాసిని టీ నీళ్లు గొంతులో పోసుకుని వచ్చి ఈ గదిలో నేల మీద మోకరిల్లింది. ఆసుపత్రిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్క అనే అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. బొమ్మకు కాళ్లూ చేతులూ లేవు, తలా ఛాతీ మాత్రమే ఉన్నాయి. సరిపడా లోతుకు నొక్కితే దాని భుజం దగ్గరున్న దీపం పచ్చగా వెలగాలి. అది పసుపు దాటి రావడం లేదు.

శిక్షకురాలు చేతిలోని ట్యాబ్ తిప్పి చూపించింది. తెర మీద ఒక గీత గజిబిజిగా వణుకుతోంది. పేషెంటు గుండె ఇలా కొట్టుకుంటుంటే షాక్ ఇవ్వాలా, అక్కర్లేదా అని అడిగింది. అక్క గీత వంక చూసింది, శిక్షకురాలి వంక చూసింది, చివరికి బొమ్మ వంక కూడా చూసింది.

"ఆన్‌లైన్ పరీక్షలో మీకు తొంభై ఆరు మార్కులొచ్చాయి. ఇది మూడో పాఠంలోనే ఉంది," అంది శిక్షకురాలు. ఆమె గొంతులో కోపం లేదు, అనుమానం ఉంది.

గోడ వారగా కూర్చున్న మిగతా నర్సులు ఒక్కసారిగా నేల చూపులు మొదలుపెట్టారు.

గుండె ఆగిన మనిషిని బతికించే ఆ శిక్షణలో సగం ఇంట్లో కంప్యూటరు మీద, సగం ఇక్కడ బొమ్మ మీద. వినడానికి బాగానే ఉంటుంది. ఇంట్లో చేసే సగానికి డ్యూటీ లెక్క లేదు, సెలవు లేదు, జీతం లేదు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి, వండి, వార్చి, అంట్లు తోమి, అప్పుడు తెర ముందు కూర్చోవాలి. వీడియోలో డాక్టరు తన పేరు చెప్పుకునేలోపే అక్క తల వాలిపోయేది. పాఠం మొత్తం ఆడితే గానీ తర్వాతి పాఠం తెరుచుకోదు. రెండు రాత్రులు చూసి మూడో రాత్రి కూతురే వచ్చి, "నువ్వు పడుకో అమ్మా, నేను నడిపిస్తాలే," అంది. కాలేజీ పిల్ల, చురుకైనది. తన చదువు పక్కన పెట్టి తల్లి పాఠం పూర్తి చేసింది. మొదటిసారి మార్కులు తక్కువొచ్చాయని పంతం పట్టి మళ్లీ రాసింది. ఆ తొంభై ఆరూ ఆ పిల్లవి.

అక్క ఒక్కతే అనుకునేరు. తోటి నర్సు చిట్టికి బదులు ఆమె మొగుడు చదివాడు. అతను మోటారు మెకానిక్కు. "నాకెప్పుడైనా గుండె ఆగితే ఐసీయూకి కాదు, మా ఆయన షెడ్డుకి మోసుకెళ్లండి," అని చిట్టి అంటే మొన్న అందరూ పడీపడీ నవ్వారు. ఒకామెకు తమ్ముడు చేశాడు, ఇంకొకామెకు తోడికోడలు చేసింది. ఇదంతా బద్ధకమని తీర్పు చెప్పేవాళ్లుంటే, వారం రోజులు ఈ ఐసీయూ వార్డులో డ్యూటీ చేసి, ఆ తర్వాత ఆ వీడియో కళ్లు మూయకుండా చూసి అప్పుడు మాట్లాడమనండి.

తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు. చల్లటి మాట మనిషి. ఎవర్నీ కసిరినట్టు ఎవరూ వినలేదు, అయినా ఆయన గదిలోకి వస్తే అందరూ కొంగులూ కోట్లూ సర్దుకుంటారు. భోజనాల వేళకల్లా అందర్నీ పాస్ చేసి పంపేయాలని, వార్డులో మనుషులు చాలక ఇబ్బందిగా ఉందని శిక్షకురాలికి చెప్పాడు. ఆమె బల్ల మీది అట్టపెట్టె చూపించింది. షాక్ ఇచ్చే యంత్రం ఆసుపత్రికంతటికీ ఒక్కటే. దాన్ని వార్డులోంచి కదపడానికి వీల్లేదు కాబట్టి, ఎవరో ఈ పెట్టె మీద స్కెచ్ పెన్నుతో మీటలు గీసిచ్చారు. వీళ్లు అట్ట మీద వేలు పెట్టి "షాక్ ఇస్తున్నా, పక్కకి జరగండి," అనాలి.

"దీంతో నేర్పించడం కష్టమండీ," అంది ఆమె.

"మీ కష్టం మాకు తెలీదా మేడమ్. వచ్చే బ్యాచ్ కూడా మీకే ఇస్తున్నాం కదా," అన్నాడు మేనేజరు నవ్వుతూ. ఆమె పెట్టెను మళ్లీ తన వైపు లాక్కుంది. నెలజీతం లేని మనిషి ఆమె. బ్యాచ్ ఉంటే పని, లేకపోతే లేదు.

టీ కోసం వదిలినప్పుడు అక్క వార్డు వైపు నడిచింది. మూడో మంచం పేషెంటును ఒకసారి చూడాలని. అతను ఇళ్లకు రంగులు వేసేవాడు. నిచ్చెన మీద ఉండగా గుండెపోటు వచ్చి పడ్డాడు. పైప్రాణం పైనే పోయినంత పనై, ఇప్పుడు కాస్త తేరుకున్నాడు. రాత్రి రెండుసార్లు అతని గుండె లయ తప్పింది. రెండుసార్లూ అక్క పరుగున వెళ్లి డ్యూటీ డాక్టరును లేపుకొచ్చింది. ఆయన చూసి మందు చెప్పాడు, అక్క ఎక్కించింది. సర్దుకుంది. ఇప్పుడతను పడుకుని గోడ వంక చూస్తూ, రెండో కోటింగు ఎగ్గొట్టాడు సిస్టర్, డబ్బులు మాత్రం రెండింటికీ తీసుకునుంటాడు అని ఆ ముక్కూ మొహం తెలియని పెయింటరును తిడుతున్నాడు. అతని భార్య మంచం కాలు దగ్గర నిలబడి ఉంది. రాత్రికి ఇంటికెళ్లి పిల్లల్ని చూసుకుని వద్దామనుకుంటోంది.

"రాత్రికి మీరే ఉంటారుగా సిస్టర్?" అని అడిగింది.

ఉంటానంది అక్క. ఆమె మొహం తేలికపడింది. ఆ తేలికదనం చూసి అక్కకు హాయిగా అనిపించింది కూడా.

నర్సుల బల్ల దగ్గర చిట్టి గోడకు అంటించిన డ్యూటీ చార్టు ముందు నిలబడి ఉంది. "అక్కా, ఇది చూశావా?" అంది. రాత్రి డ్యూటీ డాక్టరు పేరుండే గడి ఖాళీగా ఉంది. దాని కింద కొత్తగా టీమ్ లీడర్ అని టైపు చేసి, పక్కన అక్క పేరు రాశారు. తేదీ ఈరోజుదే.

అక్క చార్టును రెండుసార్లు చదివి మేనేజరు గదికి వెళ్లింది. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, అది ఎప్పుడూ జరగని మర్యాద. రాత్రి డాక్టరు ఒప్పందం నిన్నటితో అయిపోయిందనీ, ఇక కొనసాగించడం లేదనీ, సర్టిఫికెట్లున్న నర్సులు వార్డులో ఉండగా రాత్రంతా నిద్రపోయే డాక్టరెందుకని పైవాళ్లు అనుకున్నారనీ చెప్పాడు. ఫోను చేస్తే పెద్ద డాక్టరు ఇంటి దగ్గర్నుంచే సలహా చెబుతారట.

"గుండె ఆగినవాడి దగ్గర ఫోను పట్టుకుని కూర్చోలేం కదా సార్," అంది అక్క.

"అందుకే కదా శిక్షణ ఇప్పించింది. మీకు ఇదొక ప్రమోషన్ అనుకోండి. మీ అనుభవం ముందు ఈ కుర్ర డాక్టర్లెంత?"

పొగడ్త వినడానికి తీపిగానే ఉంది. కానీ అక్కకు తన అనుభవం ఏమిటో తెలుసు. ఇన్నేళ్లలో ఎన్నో గుండెలు ఆగడం చూసింది. పరుగెత్తింది, డాక్టరును పిలిచింది, అడిగిన ఇంజెక్షన్ అడిగిన క్షణంలో అందించింది, నొక్కమంటే నొక్కింది, ఆపమంటే ఆపింది. ఏ ఇంజెక్షనో, ఎప్పుడు షాకో, ఎప్పుడు చాలో ఒక్కసారి కూడా తను నిర్ణయించలేదు. నిర్ణయించబోతే ఊరుకునేవాళ్లూ కాదు. నర్సు నోరెత్తితే తప్పన్న ఆసుపత్రే ఇవాళ నర్సును నడిపించమంటోంది. పేషెంటు పోతే ఎవరిని పట్టుకుంటారో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అంతకంటే ముందు, పేషెంటు పోతాడు. ఆ మాట తట్టేసరికి అక్క కుర్చీలోంచి లేచింది.

తిరిగి శిక్షణ గదికి వచ్చేసరికి ఆఖరి పరీక్ష మొదలైంది. అక్కను లీడరుగా నిలబెట్టారు. చిట్టి బొమ్మ ఛాతీ మీద చేతులు పెట్టింది, ఇంకొకామె అట్టపెట్టె దగ్గర కూర్చుంది. మేనేజరు ఫొటోలు తీసుకోవడానికి ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పేషెంటు పలకడం లేదు. నాడి లేదు. లీడరు మీరు, చెప్పండి," అంది శిక్షకురాలు.

"డాక్టరుగారిని పిలవండి," అంది అక్క.

ఆలోచించి అన్న మాట కాదు, ఇన్నేళ్ల అలవాటు అలా పలికింది. గోడ వారగా ఎవరో కిసుక్కున నవ్వారు.

"డాక్టరు రారు. తర్వాత?"

శిక్షకురాలు దాన్ని ఆటలో భాగంగానే అంది. అది ఆట కాదని ఆ గదిలో అక్కకూ, చిట్టికీ, గుమ్మంలో ఉన్న మనిషికీ తెలుసు. అక్క నోరు తెరిచింది. చిట్టి నొక్కుతూ నొక్కుతూ తలెత్తి ఆమె వైపు చూసింది, పెట్టె దగ్గరామె చూసింది, ట్యాబ్ మీద గీత వణికి వణికి సన్నబడింది. అక్కకు మూడో మంచం మీది మనిషి మొహం కనబడింది. ఏదో ఇంజెక్షన్ పేరు చెప్పింది. అది ఇప్పుడు కాదని శిక్షకురాలు తల అడ్డంగా ఊపింది. ఇంకొకటి చెప్పబోయి ఆగిపోయింది. గీత తిన్నగా అయిపోయింది.

శిక్షకురాలు గుమ్మం వైపు చూసింది. మేనేజరు ఫోను జేబులో పెట్టుకుని, మొదటిసారి కదా, కంగారు సహజం, అసలు సంగతి వచ్చినట్టే, పాస్ చేసేయండి అన్నాడు. శిక్షకురాలు బల్ల దగ్గర కూర్చుని ఫలితాల కాగితం ముందుకు లాక్కుంది. అక్క పేరు ఎదురుగా పెన్ను పెట్టింది.

"మేడమ్, నేను ఫెయిలని రాయండి," అంది అక్క.

శిక్షకురాలి చెయ్యి ఆగింది.

మేనేజరు రెండడుగులు లోపలికి వచ్చాడు. ఫెయిలైన వాళ్లని ఐసీయూలో ఉంచడం కుదరదనీ, ఐసీయూ భత్యం కూడా పోతుందనీ, ఇంట్లో చదువుకునే పిల్ల ఉందని తనకు గుర్తుందనీ ఎప్పటిలాగే మెత్తగా చెప్పాడు. ఆ పిల్ల పేరెత్తేసరికి అక్కకు కోపం వచ్చింది. ఆ కోపమే ఆమెకు మాట అందించింది.

"ఆ పిల్లే రాసింది సార్ నా పరీక్ష. ఆ తొంభై ఆరు మార్కులు నావి కావు. ఇక్కడ బొమ్మ మీద ఏం జరిగిందో మీరే చూశారు. నేను నేర్చుకోనని అనట్లేదు. డ్యూటీలో టైమిచ్చి, ఆ అసలు మెషీను చేతికిచ్చి నేర్పండి, వచ్చేదాకా నేర్చుకుంటా. అప్పటిదాకా రాత్రికి డాక్టరుండాలి. లేకపోతే లీడరని నా పేరు పెట్టకండి."

"ఈ ఒక్క రాత్రికి ఎలాగోలా..."

"ఈ ఒక్క రాత్రే సార్ నా భయం. మూడో మంచం అతని భార్యకి నేనుంటానని మాటిచ్చాను. నేనుంటే చాలనుకుని ఇంటికెళ్తోంది ఆ తల్లి."

గోడ వారగా గుసగుసలు లేచాయి. అవి మెచ్చుకోలు గుసగుసలు కావు. ఇంట్లో రాయించుకున్న సంగతి బయటపెట్టి అందర్నీ ముంచిందని ఒకామె పక్కామె చెవిలో అంది. చిట్టి వచ్చి అక్క మోచెయ్యి పట్టుకుని, "ఊరుకో అక్కా, నీతో పాటు మా పొట్టలు కూడా కొట్టకు," అంది నెమ్మదిగా. ఆ మాట మేనేజరు బెదిరింపు కంటే గట్టిగా తగిలింది. అక్కకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంది గానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

శిక్షకురాలు, తన వచ్చే బ్యాచ్ ఏమవుతుందో తెలిసిన మనిషిలా నిట్టూర్చి, అక్క పేరు ఎదురుగా ఫెయిల్ అని గుండ్రంగా రాసింది. కాగితం తిప్పి ఇచ్చింది. అక్క సంతకం పెట్టింది.

"ఇలాగైతే సాయంత్రానికి నేను డాక్టర్ని ఎక్కడ్నుంచి తేవాలి?" అన్నాడు మేనేజరు. ఆయన గొంతు పెరగడం ఆ గదిలో వాళ్లు వినడం అదే మొదలు.

శిక్షకురాలు తర్వాతి పేరు చదివింది. అది చిట్టిది. పెన్ను కాగితం మీద పెట్టబోయి ఆగి, తలెత్తి అడిగింది.

"నిజం చెప్పమ్మా. రాత్రికి నిన్నొక్కదాన్నే వదిలేస్తే చెయ్యగలవా?"

చిట్టి ముందుకొచ్చి నిలబడింది. అట్టపెట్టె మీద గీసిన మీటల వంక చూసింది, అక్క సంతకం పెట్టిన కాగితం వంక చూసింది. మేనేజరు వైపు మాత్రం చూడలేదు.