స్లోలో నిలవని గొంతు

గడ్డి కోసే బండిని నేను. చేత్తో తోసేది కాదు, మనిషి దర్జాగా పైన కూర్చుని నడిపేది. నాలుగు చక్రాలు, ఒక స్టీరింగు, పొట్ట కింద తిరిగే బ్లేళ్ళు. కొత్తవాళ్ళు నన్ను చూసి ట్రాక్టరు పిల్ల అనుకుంటారు.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టి, ఓడలో విశాఖపట్నం వచ్చి, ముందుగా బీచిలో ఒక హోటలు పచ్చికకి కుదిరాను. అక్కడ నేను గడ్డి కోసినదానికన్నా పెళ్ళికొడుకులు నా మీదెక్కి ఫోటోలు దిగిందే ఎక్కువ. తరువాత రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన నన్ను కొన్నాడు. ఆయనకి పచ్చికే లేదు. నా కోసం వేయించాడు! అది కాస్తా ఎండిపోయాక నన్ను కాకినాడ శివారులోని క్రికెట్ క్లబ్బుకి ఇచ్చేశాడు.

అక్కడ దొరికింది నాకు వరహాలు. మైదానానికి నీళ్ళు పెట్టే పనికి వచ్చిన మనిషి. నన్ను నడిపేవాడు మానేసి వెళ్ళిపోతే, క్లబ్బు సెక్రటరీ రామలింగరాజు గారు ఇంకొకరిని వెతికేలోపే ఆమె ఎక్కి కూర్చుంది. మొదటి రోజు బౌండరీ తాడుని నా బ్లేళ్ళకి చుట్టబెట్టింది. కొన్నాళ్ళకి చాప నేసినట్టు చారలు చారలుగా కోయడం నేర్చింది. కోస్తూ పాడుకునేది. శ్రుతి నాది, పాట ఆమెది.

ఆ శ్రుతి ఒక ఎండాకాలంలో తప్పింది. వేగంగా నడిపితే బాగానే ఉండేదాన్ని. మలుపు దగ్గర స్లోలో పెడితే మాత్రం నా గొంతు బుర్రుమని లేచి, నీరసపడి, మళ్ళీ లేచి, చివరికి ఆగిపోయేది. ఆగితే వేడి చల్లారేదాకా మళ్ళీ అంటుకునేది కాదు. అవతల ఆడపిల్లల జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి.

"సగం కోసిన గ్రౌండులో ఆడిస్తే మన పరువేం కావాలమ్మా?" అన్నారు రాజు గారు. "ఈ వారంలో బాగవకపోతే దీన్ని పాత సామాన్ల కొట్టుకి పంపేసి, కోత పని బయటవాళ్ళకి ఇచ్చేద్దాం."

అంటే నాకు తుక్కు కుప్ప, వరహాలుకి మళ్ళీ నీళ్ళ గొట్టం.

జిలానీ సాయిబు గారిని పిలిపించారు. ఊళ్ళో పంపుసెట్లకీ జనరేటర్లకీ ఆయనది పేరున్న చెయ్యి. ప్లగ్గు మార్చారు. పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశారు. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ విప్పి, సన్నని రంధ్రాల్లో గాలి ఊది మళ్ళీ బిగించారు. బిగించిన ప్రతిసారీ నన్ను స్టార్ట్ చేసి, తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని వినేవారు. "అయిపోయిందమ్మా! గడియారంలా నడుస్తోంది" అనేవారు. నా గొంతేమో అప్పుడు కూడా ఆయన ఎదుటే లేస్తూ పడుతూ ఊగుతూనే ఉండేది.

వరహాలు తెల్లబోయింది. కాసేపు ఆయన్నే గమనించి, వెనక నుంచి "బాబాయ్ గారూ, టీ తాగుతారా?" అంది. పలకలేదు. గట్టిగా అడిగింది. పలకలేదు. ఎదురుగా వచ్చి అడిగితే, ఆమె పెదాలకేసి చూసి "తాగుదామమ్మా" అన్నారు నవ్వుతూ.

టీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది. "ఎన్నాళ్ళయిందండీ?"

"దేనికమ్మా?"

ఆమె తన చెవి ముట్టుకుంది.

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "మా ఇంట్లోవాళ్ళకి కూడా తెలీదమ్మా. పరాకు మనిషిననుకుంటారు. బయట తెలిస్తే రేపట్నించి నా దగ్గరికి ఇంజను ఎవరు తెస్తారు? రాజు గారికి చెప్పకు."

"నేనెందుకు చెబుతానండీ? ఈ బండి గొంతు నాకు బాగా తెలుసు. మీ చెయ్యి, నా చెవి. పట్టండి, చూద్దాం."

నన్ను స్లోలో పెట్టారు. కార్బొరేటర్ శుభ్రం చేసే స్ప్రే డబ్బాతో జిలానీ గారు, వేడి గొట్టానికి దూరంగా, జాయింటు జాయింటుకీ కాస్త కాస్త కొడుతూ వచ్చారు. "ఎక్కడన్నా సందులోంచి దొంగగాలి లాగుతుంటే ఈ మందు కూడా లోపలికి పోద్ది. అప్పుడు గొంతు మారుద్ది. మారితే చెయ్యెత్తమ్మా."

పైన కొట్టారు, ఏమీ లేదు. పక్కన కొట్టారు, ఏమీ లేదు. కార్బొరేటర్ ఇంజనుకి అతుక్కునే చోట కొట్టగానే నా ఊగుడు ఆగి, గొంతు నిలబడింది. వరహాలు రెండు చేతులూ ఎత్తేసింది.

"ఇక్కడేనండీ! మళ్ళీ కొట్టండి!"

విప్పి చూస్తే, గాలి చొరకుండా మధ్యలో వేసే ప్యాకింగు వెంట్రుకవాసి చీలి ఉంది. విప్పిన ప్రతిసారీ ఆయన ఆ చీలినదాన్నే తిరిగి బిగించారు! తల కొట్టుకుని, మందపాటి ప్యాకింగు కాగితం మీద కొత్తది గీసి, కత్తిరించి వేశారు. ఈసారి స్టార్ట్ చేశాక తల వంచి వినలేదు. వరహాలు ముఖం చూశారు. ఆమె పాట ఎత్తుకుంది.

రాజు గారు వచ్చి, ఊగకుండా నడుస్తున్న నన్ను చూసి మురిసిపోయారు. "నీ చెవి గొప్పదయ్యా జిలానీ!" అని భుజం తట్టారు. వరహాలు గబుక్కున అటు తిరిగి గడ్డి చూడసాగింది.

జిలానీ గారు ఆయన పెదాలు చదివారు. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"చెవి నాది కాదండీ. నాకు వినపడక చాన్నాళ్ళయింది. ఇది వరహాలు చెవి."

రాజు గారు నోరు తెరిచారు. "మరి ఇన్నాళ్ళూ నేనేం చెప్పినా తలెలా ఊపావయ్యా?"

"మీరు చెప్పేదెప్పుడూ ఒకటేగా అండీ, తొందరగా బాగుచెయ్యమని!"

ముందు నవ్వింది రాజు గారే. నవ్వి, తన ఇంటి జనరేటరు కూడా చూడాలని, వరహాలుని వెంటబెట్టుకుని రమ్మని చెప్పి వెళ్ళారు.

పోటీల రోజున జిలానీ గారు చెవిలో బుల్లి మిషను పెట్టుకుని వచ్చారు. ఆయన కూతురు దగ్గరుండి పెట్టించిందట. బౌండరీ పక్కన నేను స్లోలో నడుస్తున్నాను, ఒకే గొంతుతో. మెచ్చుకుంటారని చూశాను. దగ్గరికొచ్చి ముఖం చిట్లించారు.

"ఇంత గోల చేస్తుందా ఇది?"

వరహాలు పగలబడి నవ్వి నన్ను ఆపింది. ఆ నిశ్శబ్దంలో, మైదానం నడుమ ఒక అమ్మాయి మొదటి బంతిని కొట్టింది. టక్‌మన్న ఆ చప్పుడుకి అందరికన్నా ముందు తల తిప్పింది జిలానీ గారే.