నడింటి గోడ

ఆ ఇంటికి నేను మూడు తరాలుగా తాపీపని చేస్తున్నాను. మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. పిలిస్తే మాత్రం వెళ్తాను.

మట్టి ఇల్లు అది. రాతి పునాది, మూర మందం గోడలు, పైన పెంకులు. ఒక వరస మట్టి ఆరితేగాని రెండో వరస ఎత్తలేదట. గోడలు లేవడానికే రెండు ఎండాకాలాలు పట్టిందంటారు. నడింట్లో దూలాన్ని మోస్తూ ఒక నిలువు మాను ఉండేది, నిట్రాడు. అతుకు లేని ఒకే చెట్టు. దాన్ని అడవి నుంచి ముప్పైమంది మోసుకొచ్చారని ఆ ఇంటి పెద్దాయన చెప్పేవాడు. ఏటా ఇద్దరు ముగ్గుర్ని కలిపేవాడు. నేను ఆఖరిసారి విన్నప్పుడు అరవైమంది.

నా ముప్పయ్యో ఏట పెద్దాయన ఆ నడింటిని రెండు గదులు చేయమన్నాడు. నిట్రాడు గోడ లోపల ఉండిపోయేలా అడ్డగోడ లేపమన్నాడు. ఆ మాట చెప్పి జ్వరంతో మంచమెక్కాడు. నేను పని మొదలుపెట్టి మాను మొదట్లో తాపీతో గీరితే పిండి రాలింది. లోపలంతా చెదలు తినేశాయి, పైన పొర మిగిలింది. దూలానికి రెండు దుంగలు ఆనించి, పుచ్చిన మానును ముక్కలుగా తీసేశాను. దాని చోట రాయీ సున్నమూ పేర్చి, మీద చదును బండ పెట్టి, దూలాన్ని దాని మీదికి దించి, చుట్టూ మట్టితో అడ్డగోడ లేపాను.

పెద్దాయన భార్య, పెద్దమ్మగారు, గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఆయన చెవిన పడనీకు మేస్త్రీ. రెండు మూడు రోజుల మనిషి. మాను ఉందనుకునే పోనీ."

సరేనన్నాను. ఆ రెండు మూడు రోజుల మనిషి పదకొండేళ్ళు బతికాడు. వచ్చిన చుట్టాన్నల్లా ఆ గోడ ముందు కూర్చోబెట్టి, "మా తాత నిట్రాడు ఇందులో ఉంది" అని అరచేత్తో తట్టేవాడు. నేను అక్కడుంటే తల తిప్పుకునేవాణ్ణి. పెద్దమ్మగారు ఆయనకన్నా ముందే పోయింది. ఇంక ఎవరికని చెప్పను?

మొన్న పెద్దాయన మనవడు కబురు పెట్టాడు. గోడకు ఒక పక్క గది అతనిది, రెండో పక్కది మేనత్తది. ఆవిడ పెద్దాయన కూతురు, భర్త పోయాక ఇక్కడే ఉంటోంది. నేను వెళ్ళేసరికి ఆవిడ గదిలో మంచం ఓ మూలకు జరిపేసి ఉంది. ఆవిడ దాని మీదే కూర్చుంది.

"తాతా, పాత ఇళ్ళ మీద పుస్తకం రాసే ఆయన గురువారం వస్తున్నాడు. ఫొటోలు తీస్తాడట. ఈ గోడ మధ్యలో పగలగొట్టి నిట్రాడు బయటపెట్టు. దానికి అద్దం బిగిస్తాను."

"మా నాన్న ఫొటోకి అద్దం పగిలి ఏడేళ్ళయింది, దానికి దిక్కులేదు. మానుకి అద్దమట!" అంది మేనత్త.

"నువ్వుండత్తా."

"వద్దు బాబూ. పాత గోడ, కదిలించకూడదు" అన్నాను.

"నువ్వు కట్టిందేగా?"

"అందుకే చెబుతున్నా."

"చేతకాకపోతే పక్కన కూర్చో. నేనే కొడతా."

గునపం ఎత్తాడు. మొదటి దెబ్బకి సున్నం పెచ్చు ఊడింది. రెండో దెబ్బకి పైనుంచి మట్టి రాలి మేనత్త భుజం మీద పడింది. దూలం బరువంతా ఆ రాళ్ళ మీదే ఉంది. నాలుగు జారాయంటే కప్పు ఆగదు. వెళ్ళి గునపం పట్టుకున్నాను. వదల్లేదు.

"అందులో మాను లేదు బాబూ."

"ఏంటీ?"

"చెదలు తినేస్తే నేనే తీసేశాను. కప్పుని ఈ గోడే మోస్తోంది. అటకెక్కి చూడు, దూలం కింద బండ కనిపిస్తుంది."

నిచ్చెన వేసుకుని ఎక్కాడు. చాలాసేపు దిగలేదు. దిగేసరికి ముఖం నిండా బూజు.

"మా తాత అందరికీ గోడ తట్టి చెబుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"మాను అమ్ముకున్నావా ఏంటి?"

"పిండిని ఎవరు కొంటారు బాబూ."

"ఎవరికీ చెప్పకుండా నీ అంతట నువ్వే తీసేశావా?"

పెద్దమ్మగారి మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నా అంతట నేనే."

"ఇంక ఈ గుమ్మం తొక్కకు" అని గునపం మూలకు విసిరి, గురువారం వచ్చే ఆయనకి ఏదో సర్దిచెప్పుకోవడానికి ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు.

నేను సంచి తీసుకుని వసారాలోకి వచ్చాను. మేనత్త వెనకే వచ్చింది.

"మా అమ్మకి తెలుసా?"

"తెలియదమ్మా."

ఆవిడ నా ముఖం కేసి చూసింది.

"వాడు చేసిన బొక్క ఎవరు పూడుస్తారు? నేను పడుకునేది ఆ గోడ పక్కనే."

"గుమ్మం తొక్కొద్దన్నాడుగా అమ్మా."

"వాడి గుమ్మం తొక్కకు. నా గదికి పెరటి తలుపుంది."

సంచి మళ్ళీ భుజాన వేసుకుని పెరటివైపు తిరిగాను. నడుం పట్టేసింది. మట్టి తడపాలి, నానాలి, తొక్కాలి. చీకటి పడేలోపు అవుతుందో లేదో.