ఇంటికి రాని పదిహేడో నంబరు

కెటిల్ సరస్సు ఒడ్డున ఐలి లహ్తి నడిపే కెనూల, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవల, అద్దె దుకాణంలో వసంతకాలపు పని ఎలుకలతో మొదలవుతుంది. చలికాలమంతా మడిచిపెట్టిన గుడారాలను ఏప్రిల్లో విప్పుతారు. ముందు ఎలుకలు బయటికొస్తాయి, తర్వాత చిల్లులు బయటపడతాయి. ఆ చిల్లుల్ని దుకాణంలో పనిచేసే ఎల్డన్ కుడతాడు. ఎల్డన్ కుట్టాక చిల్లు ఇంకాస్త పెద్దదవుతుంది. కానీ నలభై ఏళ్ళుగా కుడుతున్న మనిషి కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాత తెడ్లకు వార్నిష్ వెయ్యాలి, మసిపట్టిన కెటిళ్ళు తోమాలి, అడవిలోకి వెళ్ళేవాళ్ళ కోసం ఓట్లు, ఎండుమాంసం, ఉల్లిపాయలు రోజులవారీగా సంచుల్లో కట్టాలి. చివరికి చెక్క అరల మీద బోర్లించిన కెనూలను ఒక్కొక్కటే దించి, అడుగు తడిమి, మళ్ళీ ఎత్తి పెట్టాలి.

కెనూలు నలభై. ముప్పై తొమ్మిది అల్యూమినియంవి. పదిహేడో నంబరు మాత్రం దేవదారు చెక్కది, పైన కాన్వాసు గుడ్డ, ఆకుపచ్చ రంగు. ఐలి తమ్ముడు వైనో దాన్ని చేశాడు. దాన్ని ఎవరికి అద్దెకిచ్చినా ఐలి వెంట ఇంకో పడవ ఇచ్చి పంపేది. ఎందుకంటే పదిహేడుని అడవిలో ఏ ద్వీపానికి కట్టేసి పడుకున్నా, తెల్లారేసరికి అది తన అర మీదికొచ్చి బోర్లా పడుకుని ఉంటుంది. ఒకసారి షికాగో నుంచి వచ్చిన పళ్ళ డాక్టర్లు రెండో పడవ బరువని వదిలేసి వెళ్ళారు. వాళ్ళని నాలుగో రోజున తీసుకొచ్చారు. అప్పటికి వాళ్ళలో ఒకరు మతం మార్చుకునే ఆలోచనలో ఉన్నారు.

ఆ ఏడు వసంతం క్యాలెండర్లో వచ్చింది, బయటికి రాలేదు. మే నెల మొదలైనా సరస్సు మీద మంచు కదల్లేదు. ఇంటి ముందు మోకాలి లోతు బురద, వెనక నడుం లోతు మంచు. ఐలికి అప్పటికి అరవై మూడేళ్ళు. కుడి భుజం పైకి లేవదు. తలుపు తియ్యడానికి ఎడమ చెయ్యి, తిట్టడానికి నోరు, ఈ రెంటితోనే పదకొండేళ్ళుగా దుకాణం నడుపుతోంది. ఆ చలికాలంలో అలసిపోయి, అమ్మేస్తానంది.

కొనే మనిషి మినియాపొలిస్ నుంచి వచ్చాడు. పేరు గ్రెగ్ స్టాల్‌మన్. ఎండుటాకు రంగు తోలు బూట్లు వేసుకుని ఏప్రిల్ చివర్లో వచ్చి షెడ్డంతా తిరిగాడు. హంస ఆకారంలో తొక్కుడు పడవలు తెస్తానన్నాడు. పదిహేడు దగ్గర ఆగి, దాని వీపు మీద చెయ్యి వేసి, "దీన్ని హాల్లో పైకప్పుకి వేలాడదీస్తానండీ. లోపల చిన్న చిన్న దీపాలు పెడతా," అన్నాడు. పడవ వినేలా అలాంటి మాట అనకూడదు. కానీ ఊరికి కొత్త, ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున అర ఖాళీ. పదిహేడు మైలు దూరం మంచు మీద జారుకుంటూ వెళ్ళి అవతలి ఒడ్డున వైనో ఇంటి ముందు బోర్లా పడుకుంది.

జెనీవా అనే ఆవిడ నడిపే కాఫీ హోటల్లో ఆ రోజు ఇదే మాట.

"పదిహేడు వెళ్ళిందట," అంది జెనీవా, ఎల్డన్ కప్పులో కాఫీ పోస్తూ.

"ఎటు?"

"వైనో దగ్గరికి."

"మంచు మీదే?"

"మరి? ఎగురుతుందా?"

ఎల్డన్‌కి ఆ జవాబు న్యాయంగానే అనిపించింది. ఏలకుల రొట్టె ఇంకో ముక్క అడిగాడు.

ఐలికీ వైనోకీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. జరిగింది ఇదీ. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి వెళ్ళాలంటే మధ్యలో మోత దారి ఉంటుంది. పడవని తలకిందులు చేసి, దాని మధ్యనున్న చెక్క కాడిని భుజాల మీద పెట్టుకుని నడవాలి. అలా మోసేవాళ్ళకి తమ బూట్లు తప్ప ఇంకేమీ కనపడవు. అందుకే ముందు నడిచేవాళ్ళు చెబుతూ పోవాలి. వేరు, రాయి, కొమ్మ, బురద. ఇది ఈ ఊళ్ళో పసిపిల్లలు కూడా తప్పని నియమం. ఆ రోజు పొద్దున అక్కాతమ్ముళ్ళు అల్యూమినియం పడవలు కొనాలా వద్దా అని పోట్లాడుకున్నారు. మోత దారిలో వైనో ముందు, పడవ మోస్తూ ఐలి వెనక. దారికి అడ్డంగా ఒక చెట్టు పడి ఉంది. ఐలి దానికి తగిలి పడిపోయింది, భుజం విరిగింది.

"చెప్పలేదు," అంది ఐలి.

"చెప్పాను," అన్నాడు వైనో.

అంతే. ఆ పైన ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. వైనో అవతలి ఒడ్డుకి మారిపోయాడు. ఐలి ముప్పై తొమ్మిది అల్యూమినియం పడవలు కొంది. నిజంగా చెప్పాడా లేదా అన్నదాని మీద ఊరు రెండుగా చీలింది. పాస్టరు మాత్రం రెండు పక్షాల ఇళ్ళలోనూ భోంచేశాడు.

సరే, పడవ వెళ్ళిపోయిందని తెలిసి ఐలి మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి వేసుకుని బయల్దేరింది. సరస్సు మధ్యలోనే పదిహేడు కనపడింది. వైనో సగం దూరం లాక్కొచ్చి వదిలేశాడు, అక్క ఒడ్డున కాలు పెట్టనని పదకొండేళ్ళ పంతం కదా. ఐలి దాన్ని ఇంటికి తెచ్చి తాళం వేసింది. రెండు రోజుల్లో పడవ మళ్ళీ వెళ్ళింది. వైనో మళ్ళీ సరిగ్గా సగానికి లాక్కొచ్చాడు. మూడోసారి ఐలి దాన్ని గొలుసుతో తన ట్రక్కు బంపరుకి కట్టింది. తెల్లారేసరికి పడవ లేదు, బంపరూ లేదు. వైనో ఈసారి రెంటినీ సగం దూరం తెచ్చి పెట్టాడు. పెద్దమనిషి, ఒకరి బంపరు ఉంచుకోడు.

అప్పటికి మంచు మెత్తబడింది. స్నోమొబైల్ దాని మీదికి తీసుకెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పదిహేడు సరస్సు మధ్యలో, దాని పక్కన బంపరు, అలాగే ఉండిపోయాయి.

మా ఊళ్ళో ఏటా మంచు మీద పాత ఫ్రిజ్ ఒకటి పెట్టి, అది ఎప్పుడు మునుగుతుందో పందెం కాస్తారు. గెలిచినవాళ్ళకి జెనీవా ఏడాది పొడుగునా వారానికొక ఆపిల్ కేకు చేసిపెడుతుంది. ఆ ఏడు ఫ్రిజ్ మోసే శ్రమ తప్పిందని అందరూ పదిహేడు మీదే పందెం కాశారు. హోటల్ గోడ మీద పేర్లు, తేదీలు రాసుకున్నారు. ఐలి వచ్చి గోడ చూసింది, పెన్సిల్ విరిచేసి వెళ్ళిపోయింది. జెనీవా ఇంకో పెన్సిల్ తెచ్చింది.

సంతకాల రోజు శుక్రవారం. గురువారం గ్రెగ్ ఫోన్ చేశాడు.

"కాయితాల్లో నలభై పడవలని రాశామండీ."

"ముప్పై తొమ్మిది అని రాసుకోండి," అంది ఐలి.

"ముప్పై తొమ్మిది నాకెందుకండీ? అవి పాత ఇనుము వాడికి వేసేస్తాను. నాకు కావలసింది ఆ ఒక్కటే. అది లేకపోతే బేరం లేదు."

ఐలి ఫోన్ పెట్టేసి, దారిలో ఉన్న ఎల్డన్ బకెట్టుని తన్నింది. బకెట్టు ఇనుపది. కాలు వాచింది. అమ్మాలంటే పడవ కావాలి. పడవ రావాలంటే మంచు పోవాలి. మంచు పోతే పడవని చితక్కొట్టిగానీ పోదు. అమ్మకపోతే ఈ భుజంతో ఇంకో వేసవి గడవదు. ఎటు తిరిగినా గోడే.

శుక్రవారం పొద్దున ఆమె పొడుగాటి కర్ర ఒకటి పట్టుకుని మంచు మీదికి దిగింది.

"ఐలీ, వద్దు. పల్చబడి మంచు నల్లబడింది," అన్నాడు ఎల్డన్.

"నా మొహం కూడా నల్లబడింది. దాన్నెవరూ పట్టించుకోరేం?"

అదే సమయానికి అవతలి ఒడ్డు నుంచి ఇంకో మనిషి, ఇంకో కర్రతో బయల్దేరాడు. తను చెక్కిన పడవ మంచుకింద నలిగిపోతుంటే చూస్తూ కూర్చోవడం వైనో వల్ల కాలేదు. వారం రోజులు కూర్చున్నాడు, అదే ఎక్కువ. ఇద్దరూ ఒకేసారి పడవ దగ్గరికి చేరారు. ఒకరు ఒక కొస, ఇంకొకరు ఇంకో కొస పట్టుకుని, ఎవరి వైపు వాళ్ళు లాగారు. అప్పుడు గాలి మారింది. తుపాకీ పేలినట్టు చప్పుడు చేస్తూ మంచు పగిలింది. వైనో గొలుసు ఊడదీశాడు, ఇద్దరూ పడవలోకి దూకారు, బంపరు మునిగిపోయింది.

జెనీవా గడియారం చూసింది. తొమ్మిదీ నలభై. మునిగింది బంపరే అయినా పందెం పందెమే, పాస్టరు గెలిచాడు. అంతకుముందు ఏడు కూడా ఆయనే గెలిచాడు. దీని మీద ఊళ్ళో కొన్ని అభిప్రాయాలున్నాయి.

పడవలో రెండు తెడ్లు ఎప్పుడూ కట్టే ఉంటాయి. ఐలి అలవాటుగా వెనక కూర్చుంది, వైనో ముందు. మంచు ముక్కల మధ్య నీళ్ళు తెరుచుకున్నాయి. ఇద్దరూ తెడ్లు వేశారు. పదిహేడు కదల్లేదు. ఐలి ఒడ్డు వైపు వేశారు, కదల్లేదు. వైనో ఒడ్డు వైపు వేశారు, కదల్లేదు. నీళ్ళ మీద మాట దూరం పోతుంది కాబట్టి ఒడ్డున కుర్చీలు వేసుకున్న మాకందరికీ స్పష్టంగా వినపడింది.

"కదలవే దరిద్రపుదానా," అంది ఐలి పడవతో.

"వెనకున్నావిడ ఎడమవైపే వేస్తోందని చెప్పు," అన్నాడు వైనో, పడవతోనే.

"ముందున్నాయన అసలు వెయ్యడం లేదని చెప్పు."

"నలభై ఏళ్ళుగా వేస్తున్నానని చెప్పు."

పడవ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పదకొండింటికి గ్రెగ్ వచ్చాడు, చంకలో కాయితాలు, అవే తోలు బూట్లు. బురద వాటిని సంతోషంగా ఆహ్వానించింది.

"వాళ్ళెప్పుడొస్తారు?" అనడిగాడు.

"మాట్లాడుకున్నాక," అంది జెనీవా.

"ఎప్పుడు మాట్లాడుకుంటారు?"

"పోయినసారి మాట్లాడుకుని పదకొండేళ్ళయింది."

"ఎవరైనా ఇంకో పడవలో వెళ్ళి తీసుకురావచ్చు కదండీ!"

"తీసుకురావచ్చు. కాఫీ తాగుతారా?"

మధ్యాహ్నం రెండింటికి గాలి మళ్ళీ తిరిగింది. చర్చి ఆవరణంత మంచు పలక ఒకటి విడిపోయి, పదిహేడుని వెనకనుంచి నెట్టడం మొదలుపెట్టింది. నెడుతున్నది ముసలిపన్ను వైపు. అది నీళ్ళకి జానెడు కింద ఉండే రాయి. మా తాతల కాలం నుంచీ ఏటా ఒక పడవనైనా నములుతుంది. వెనక మంచు, ముందు ఆ రాయి, మధ్యలో చెక్క పడవ. రెండు ముక్కలవుతుంది, ఆ నీళ్ళలో మనిషి పది నిమిషాలు కూడా బతకడు.

వెనక కూర్చున్న ఐలికి తమ్ముడి వీపు, దాని చుట్టూ ఎండ మెరుపు తప్ప ఏమీ కనపడదు. రాయిని చూడగలిగేది వైనో ఒక్కడే. ఒడ్డున అందరం లేచి నిలబడ్డాం. ఎల్డన్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

వైనో నోరు తెరిచాడు. తలుపు చాలాకాలం మూసి ఉంటే ఒక్కసారిగా తెరుచుకోదు.

"అక్కా!" అని అరిచాడు చివరికి. "రాయి! కుడికి లాగు!"

ఐలి లాగింది. కుడి భుజంతో లాగింది, పదకొండేళ్ళుగా పైకి లేవని భుజంతో. ఆమె పెట్టిన కేక ఊరి చివరి దాకా వినపడింది. పదిహేడు పక్కకి తిరిగింది. ముసలిపన్ను దాని కాన్వాసు మీద గోరుతో గీసినట్టు గీసి వదిలేసింది. మంచు పలక వెళ్ళి రాయికి తగిలి పగిలింది. ఆ తర్వాత పడవ వెన్నలో కత్తిలా సాగిపోయింది, తెడ్లు ఊరికే తాకిస్తే చాలింది.

కాసేపటికి వైనో వెనక్కి తిరక్కుండా అన్నాడు. "ఆ రోజు నేను చెప్పలేదు."

ఐలి నాలుగుసార్లు తెడ్డు వేసింది. మేం లెక్కపెట్టాం.

"తెలుసు," అంది.

"చెట్టు కనపడింది. కోపంలో ఉన్నాను. నోరు మూసుకున్నాను."

"తెలుసన్నానుగా. తెడ్డు సరిగ్గా వెయ్యి, నీళ్ళన్నీ నా మొహాన కొడుతున్నావు."

పడవ ఐలి రేవుకి చేరింది. గ్రెగ్ కాయితాలు విప్పి, పెన్ను మూత తీసి, నవ్వు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. వైనో పదకొండేళ్ళ తర్వాత ఆ ఒడ్డున కాలు పెట్టాడు. ఎవరి వంకా చూడలేదు. పదిహేడుని ఒక్క ఊపులో తిరగేసి భుజాలకెత్తుకున్నాడు. ఆ కాడి అతని భుజాలకి తగ్గట్టే చెక్కింది, ఇంకా సరిపోయింది. తల పడవలో దూరిపోయింది. ఇక అతనికి కనపడేవి రెండు బూట్లే.

నిలబడ్డాడు. ఎదురుచూశాడు.

ఐలి భుజం పట్టుకుని అతని ముందుకొచ్చింది. షెడ్డు వైపు నడుస్తూ, వెనక్కి చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

"మెట్టు."

వైనో మెట్టెక్కాడు.

"బురద. కుడిపక్క గట్టిగా ఉంది. ఇక్కడ వేరు. బకెట్టు, ఎవరో తన్నారు."

"ఎవరు?"

"నోర్మూసుకుని నడు. కొమ్మ, వంగు. ఎదురుగా గ్రెగ్ గారు, కాయితాలతో."

"ఎటు తిప్పమంటావు?"

"తిన్నగా రా. ఆయనే వంగుతారు."

గ్రెగ్ వంగాడు. పదిహేడు నీళ్ళు కారుస్తూ ఆయన తలమీదుగా, ఆయన కాయితాలమీదుగా, సిరా అంతా కలిపేస్తూ షెడ్డులోకి వెళ్ళింది.

"సంతకం సంగతేంటండీ?" అని ఆయన వెనకనుంచి అరిచాడు.

"ఉండండి, చేతిలో పనుంది," అంది ఐలి లోపలినుంచి.

ఆ మాట అని మూడేళ్ళయింది. అక్కాతమ్ముళ్ళు అల్యూమినియం పడవల మీద మొదలుపెట్టిన పోట్లాట ఆగిన చోటినుంచి అందుకుని రోజంతా అరుచుకుంటున్నారు. మధ్యాహ్నం నిద్ర ఊళ్ళో ఎవరికీ లేదు. ఐలి చేతిలో పని మాత్రం ఇంకా అవలేదు, సంతకమూ కాలేదు. బంపరు కూడా ఇంటికి రాలేదు.