బడంతా కట్టిన గది

ఆ బళ్ళో పదో తరగతికి లెక్కలు చెప్పే మాస్టారు చెడ్డవారు కారు. జ్వరం వచ్చినా సెలవు పెట్టేవారు కారు. ఆ రోజు బోర్డు మీద x² − 5x + 6 = 0 అని రాశారు.

"గుణిస్తే ఆరు, కలిపితే ఐదు. ఏవిరా?"

"రెండూ మూడూ!" గది మొత్తం అరిచింది.

సమీకరణాన్ని రెండు బ్రాకెట్లుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ కుడిపక్కనున్న అంకెకు సమానం చేశారు. జవాబు వచ్చింది. అందరూ రాసుకున్నారు. ఒకమ్మాయి మాత్రం లేచింది. తల్లి ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. అదే ఆస్పత్రిలో నర్సు శిక్షణకు చేరాలని పిల్ల ఆశ.

"కుడిపక్కన సున్నాయే ఎందుకుండాలి మాస్టారూ? వేరే అంకె ఉంటే?"

మాస్టారు గడియారం వంక చూశారు. పాఠాలు ఇంకా మిగిలున్నాయి.

"పరీక్షలో ఎందుకని అడగరు తల్లీ, ఎంతని అడుగుతారు. కూర్చో, ఎందుకమ్మా!"

తరగతి ఫక్కున నవ్వింది. మధ్యాహ్నానికి ఆ పేరు బడంతా పాకింది. "ఎందుకమ్మా, నీకు దాహం ఎందుకే?" అని కుళాయి దగ్గర వెక్కిరించారు. ఆ తరవాత ఆ పిల్ల లేవలేదు. ఆమెకైన శాస్తి చూసి మరెవరూ లేవలేదు. పాఠాలు చకచకా పూర్తయ్యాయి.

పబ్లిక్ పరీక్షలో గది లెక్క వచ్చింది. పొడవు వెడల్పు కంటే రెండు మీటర్లు ఎక్కువ, వైశాల్యం పదిహేను చదరపు మీటర్లు. వెడల్పెంత? అందరూ x(x + 2) = 15 దాకా సరిగ్గానే వచ్చారు. విడగొట్టిన ముక్కలు ముందే సిద్ధంగా కనిపించాయి. నేర్పినట్టే ఒక్కో ముక్కనూ కుడిపక్క అంకెకు సమానం చేసి, వెడల్పు పదిహేను లేదా పదమూడు అని రాశారు.

అన్ని పేపర్లలోనూ అదే తప్పు. దిద్దినవాళ్లు కాపీ అన్నారు. బడి ఫలితాలు ఆపేశారు. నర్సు శిక్షణలో చేరే గడువు దగ్గరపడింది.

"మీ అమ్మాయి సూది కూడా పక్కవాళ్లని చూసే గుచ్చుతుందా ఏం?" అని లాండ్రీలో తోటివాళ్లు తల్లిని పొడిచారు. ఆమె ఇంటికొచ్చి కూతురి ఎదుట కూలబడింది.

"నిజం చెప్పవే. కాపీ కొట్టావా?"

"లేదమ్మా."

"మరి అందరిదీ ఒకటే తప్పెలా అయిందే?"



విచారణకు పరీక్షల ఆఫీసు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అంతకుముందే హెడ్మాస్టరు మాస్టారిని పక్కకు పిలిచాడు. "మీరు నోరు మెదపకండి. కాపీ అంటే పిల్లల తప్పు. సరిగ్గా చెప్పలేదంటే బడి తప్పు."

"పదిహేను చదరపు మీటర్ల గదికి వెడల్పే పదిహేనట! ఒకరు కాదు, బడంతా కలిసి కట్టారు ఈ గదిని," అంటూ ఆవిడ బోర్డు మీద x(x + 1) = 12 అని రాసి, సుద్ద ఎందుకమ్మ చేతికిచ్చింది. పక్కన ఎవరూ లేరు. పిల్ల తడుముకోకుండా పన్నెండు, పదకొండు అని రాసింది.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఇలా ఎవరు చెప్పారమ్మా?"

పిల్ల నేల చూపులు చూసింది. మాస్టారు లేచారు.

"నేనేనండీ. సున్నాయే ఎందుకని తను ఆనాడే అడిగింది. నవ్వులపాలు చేసి కూర్చోబెట్టాను."

ఆవిడ పిల్ల పక్కన నిలబడింది. "గుణిస్తే సున్నా వచ్చిందంటే ఏదో ఒకటి సున్నా కాక తప్పదు. పన్నెండు వస్తే? మూడూ నాలుగూ కావచ్చు, రెండూ ఆరూ కావచ్చు. అందుకే ముందు పన్నెండును ఇటు తెచ్చి, అటు సున్నా చేసుకుని, అప్పుడు విడగొట్టాలి."

పిల్ల మెల్లగా మళ్లీ రాసింది. మూడు, మైనస్ నాలుగు వచ్చాయి.

"అంతేనాండీ?" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాపీ కాదని తేలింది. కానీ ఆ మాట రాసిన కాగితం బల్ల మీంచి బల్ల మీదికి నడిచి ఫలితాలు వచ్చేసరికి శిక్షణ గడువు దాటిపోయింది. పిల్ల మంచి మార్కులతో పాసై, తల్లి వెంట లాండ్రీకి వెళ్లింది.

ఒక సాయంత్రం మాస్టారు అక్కడికి వెళ్లారు. ఆవిరిలో తల్లీ కూతుళ్లు తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని పిండుతున్నారు.

"వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టమ్మా."

"అలాగేనండీ."

ఎక్కడ, ఎలా అని అడుగుతుందేమోనని ఆయన కాసేపు నిలబడ్డారు. ఆమె ఏమీ అడగలేదు. ఇంకో దుప్పటి అందుకుంది.

పశువు పంటలో మూతి పెట్టకుండా చిక్కం కడతాం, పని కాగానే విప్పుతాం. పిల్ల నోటికి కట్టినది విప్పడం ఎవరికీ చేతకాదు. చదువరులారా, ఎందుకని అడిగిన పిల్లకు జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. నవ్వి కూర్చోబెడితే ఆ పిల్ల ఇంకెప్పటికీ లేవదు.