కాటా మీద పుస్తకాలు

మున్జియా పొద్దున్నే కాఫీ తాగేసి, అరల మధ్య నడుస్తూ అక్కడొకటి ఇక్కడొకటి పుస్తకాలు ఎత్తి చూసేది. స్ఫాక్స్ నగరంలోని ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తనవాళ్ల పక్కన నిలబడ్డ పుస్తకం తేలిగ్గా ఉంటుంది, పరాయివాళ్ల మధ్య ఇరుక్కున్నది బరువెక్కుతుంది. అలాంటివాటిని ఆమె తన గదికి మోసుకొచ్చి కొత్త అంకె వేసేది. ఆ పనిలో తనను మించినవాళ్లు లేరని ఆమె నమ్మకం.

ఆ అంకెలు, పుస్తకాలను విషయాలవారీగా విడగొట్టిన అమెరికా డ్యూయీ దొరవి. మతాల పుస్తకాలకు అంకెలతో కట్టిన ఇంట్లో ఆయన ఇస్లాంకు ఓ మూలగది ఇచ్చి, మిగతాది దాదాపు అంతా క్రైస్తవానికి రాసేశాడు. ఇక్కడి పెద్దలు మొహమాటపడకుండా ఆ అంకెల గోడలు పడగొట్టి గదులు మార్చుకున్నారు. ఆ మార్పులన్నీ మున్జియాకు కంఠతా వచ్చు.

కొత్త డైరెక్టరు లస్సాద్‌కు ఇదంతా చాదస్తంగా కనిపించింది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వాళ్ల పద్ధతికి మారిపోతే వరస గుర్తులన్నీ కంప్యూటర్లో సిద్ధంగా దిగుతాయనీ, కూర్చుని అంకెలు వేసే మనిషి అక్కర్లేదనీ అన్నాడు. అంటే మున్జియా ఇల్లూ వాకిలీ వదిలి, ఎడారి అంచున తతావీన్‌లోని పుస్తకాల గోదాముకు బదిలీ మీద పోవాలి.

“పుస్తకాలనే అడుగుదాం, లస్సాద్ గారూ. ఏ వరసలో తేలిగ్గా తూగితే అదే ఉంచుదాం,” అంది.

కాదనేవాళ్లెవరు? నూనె మిల్లు నుంచి ఆలివ్ బస్తాలు తూచే కాటా తెప్పించారు. అవే పుస్తకాలు రెండేసి ప్రతులు తీసి రెండు బీరువాలు సర్దారు, ఒకటి పాత వరసలో, ఒకటి కొత్త వరసలో. మాట తప్పని మనిషని, ముల్లు చదివే పని మున్జియాకే అప్పగించారు.

పాత బీరువా తేలిగ్గానే తూగింది. కొత్తది ఎక్కించాక ముల్లు అంతకంటే తక్కువ అంకె దగ్గరే ఆగిపోయింది. ముల్లు ఆమెకు తప్ప ఎవరికీ కనిపించదు. రెండు బరువులూ తారుమారు చేసి చెప్పినా అడిగేవాళ్లు లేరు. పుస్తకాలు అబద్ధం చెప్పవని ఇన్నేళ్లూ అందరితో వాదించింది తనే కదా.

“కొత్తదే తేలిక,” అంది.

మర్నాడు తన సామాను పెట్టెలో సర్దుకుని, చదువుకునే హాలు మీదుగా బయల్దేరింది. మిల్లు లారీ రాకపోవడంతో కాటా ఇంకా అక్కడే ఉంది. ఒక అమ్మాయి ఆమెకు అడ్డొచ్చి, ఆలివ్ తోటలో తన తల్లి వాటాను మేనమామలు ఎగ్గొడుతున్నారనీ, ఏ పుస్తకం చూడాలో తెలియడం లేదనీ చెప్పింది. మున్జియా పెట్టె నేల మీద పెట్టి, చూసుకోకుండా కాటా మీదే నిలబడిపోయింది.

“ఒక్క పుస్తకంతో తేలేది కాదమ్మా. ముందు ఇస్లాం ధర్మశాస్త్రం, తర్వాత చట్టం, ఆ తర్వాత మీ ఊరి భూముల చరిత్ర. అసలేం జరిగిందో మొదట్నించీ చెప్పు.”

అటుగా వెళ్తున్న లస్సాద్ ఆగిపోయాడు. మున్జియా నిండైన ఒళ్లున్న మనిషి. కాటా ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉంది.

అతను ఆమె పెట్టె తీసుకెళ్లి, చదువరులు వచ్చి అడిగే బల్ల వెనక పెట్టాడు. జేబులోంచి తతావీన్ బదిలీ ఉత్తర్వు తీసి చింపేశాడు. మున్జియా అదేమీ చూడలేదు. ఆ అమ్మాయి చెప్పేది వింటూనే ఉంది.