ఆ పుస్తకం ఎవరు చూస్తారు

నా నోరు మంచిది కాదని మా కౌంటీలో అందరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా కౌంటీ ఆఫీసులో, పెళ్ళికి ముందు అందరూ తీసుకోవాల్సిన లైసెన్సులిచ్చే కిటికీ దగ్గర కూర్చున్నదాన్ని, ఆ మాత్రం నోరు లేకపోతే నెగ్గుకు రాలేను. కానీ ఆ సోమవారం నేనన్నది దురుసు మాట కాదు, ముద్దుగా అన్న మాట.

లోవెల్ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ధాన్యం గోదాములో పని చేస్తాడు. వాళ్ళమ్మ ఆర్డిత్ చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. అతను తీసుకొచ్చిన పిల్ల పేరు కొరీన్, ఈ ప్రాంతానిది కాదు. ఇద్దరూ కుడి చేతులెత్తి ప్రమాణం చేశాక ఫారం ఇచ్చాను. ఆ పిల్ల పెన్నును బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించి రాసింది. మధ్యలోని రెండు వేళ్ళూ వంగడం లేదు.

"ఏమైందమ్మా చేతికి?"

"కారు తలుపులో పడిందండీ," అంది. చిరునామా దగ్గరకొచ్చి పెన్ను ఆపింది. "ఇది ఎక్కడ రాస్తారు?"

వెనక గదిలో కనిపిస్తున్న, పెళ్ళిళ్ళన్నీ ఎక్కించే పెద్ద పుస్తకం చూపించాను.

"ఆ పుస్తకం ఎవరు చూస్తారు?"

"ఎవరు చూస్తారే పిచ్చిపిల్లా. తాతముత్తాతల పేర్లు వెతుక్కునే ముసలమ్మలు తప్ప దాని మొహం చూసేవాళ్ళు లేరు. రాయి."

లోవెల్ నవ్వాడు. ఆ పిల్ల రాసింది. మా దగ్గర ఫారం ఇచ్చిన మూడు రోజుల దాకా లైసెన్సు చేతికి రాదు. పై వారం శుక్రవారం పదింటికి వచ్చి తీసుకుంటామనీ, ఆ సాయంత్రమే చర్చిలో పెళ్ళనీ చెప్పి వెళ్ళారు.

మర్నాడు మంగళవారం. ప్రతి మంగళవారం చేసే పనే చేశాను. ఆ వారం లైసెన్సు అడిగినవాళ్ళ పేర్లూ, ఇంటి నంబరు లేకుండా వాళ్ళ రోడ్ల పేర్లూ టైపు చేసి మా ఊరి వారపత్రికకు పంపాను. ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు ఆసుపత్రిలో చేరారు, ఎవరు పెళ్ళికి సిద్ధమయ్యారు అన్నీ చివరి పేజీలో వేస్తారు. మావాళ్ళు ముందు చదివేది ఆ పేజీనే. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు కూడా పోస్టులో తెప్పించుకుని చదువుతారు. నా పెళ్ళప్పుడు నా పేరు పడిన ముక్క ఇప్పటికీ మా ఇంట్లో అద్దం వెనక ఉంది. అందులో తప్పేముందని ఎవరనుకుంటారు? కొరీన్ పేరు టైపు చేస్తున్నప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

వాళ్ళ పెళ్ళి శుక్రవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి ఒకతను కిటికీ దగ్గరికి వచ్చాడు. నలభై లోపే ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, టోపీ చేతిలో పట్టుకున్నాడు. మర్యాదగా నిలబడి, పత్రికలోంచి కత్తిరించిన ముక్క బల్ల మీద పెట్టాడు.

"ఈ చిరునామాలో రోడ్డు పేరే ఉంది మేడమ్. ఇల్లేదో తెలియడం లేదు. మీ పుస్తకం చూడొచ్చాండీ?"

"ఎందుకు?"

"బంధువులం. పెళ్ళి కదా." నవ్వాడు. తర్వాత చాలా మామూలుగా అడిగాడు. "ఇంకా పెన్ను అలాగే పట్టుకుంటోందా?"

కారు తలుపు కాదు. ఆ తలుపు నా ఎదురుగా టోపీ పట్టుకుని నిలబడి ఉంది.

"పుస్తకం లోపల గదిలో ఉంది, కూర్చోండి," అన్నాను. అతను బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఇనుప తలుపు గదిలోకి వెళ్ళి, కింద షెరీఫు ఆఫీసుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. డిప్యూటీ డ్వైట్ మా అన్నయ్య కొడుకే.

"కేకలేశాడా?" అన్నాడు.

"లేదు."

"తాగున్నాడా? ఆయుధం ఏమన్నా?"

"లేదురా. బెంచీ మీద కూర్చున్నాడు."

"మరి ఏ నేరం కింద పట్టుకోమంటావత్తా? పెళ్ళి పుస్తకం ఎవడైనా చూడొచ్చని చట్టం నాకు చెప్పిందే నువ్వు."

నిజమే, ఎన్నోసార్లు గొప్పగా చెప్పాను. గడియారం చూశాను. తొమ్మిదిన్నర. లోవెల్ వాళ్ళు బయల్దేరే ఉంటారు. పుస్తకం ఇవ్వకపోతే ఇతను బెంచీ మీదే ఉంటాడు, పదింటికి ఆ పిల్ల మెట్లెక్కి నేరుగా ఇతని ఎదుటికి వస్తుంది. ఇస్తే ఇతను లేచి వాళ్ళింటికి పోతాడు. ముగ్గురూ ఉండే ఆ ఇల్లు ఇప్పుడు ఖాళీ. శుక్రవారం పొద్దున ఆర్డిత్ చర్చిలో ఆడవాళ్ళతో బొంతలు కుడుతూ ఉంటుంది, అది నాకు కొట్టిన పిండి. వెధవ తెలివి నాకు అప్పుడే పుట్టాలా.

పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచాను. అతను ఇంటి నంబరు రాసుకుని, నాకు దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయాడు.

పదికి అయిదు నిమిషాలుండగా లోవెల్, కొరీన్ నవ్వుతూ వచ్చారు. నేను ఏం చెప్పానో, ఎలా చెప్పానో గుర్తు లేదు. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. "మీరు ఎవరూ చూడరన్నారు కదండీ," అంది అంతే.

"ఇల్లు ఖాళీయే కదమ్మా," అన్నాను.

"అమ్మ ఉంది," అన్నాడు లోవెల్. "పెళ్ళి రోజున బొంతలు కుడుతుందా వెల్డా ఆంటీ? కేకు చేస్తోంది."

ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఆర్డిత్‌కు కాస్త చెవుడు.

"ఏమే వెల్డా, నువ్వేనా? నువ్వు పంపిన అబ్బాయి వచ్చాడే."

"ఏ అబ్బాయి?"

"కొరీన్ వాళ్ళ అన్నయ్యటగా. పుస్తకం చూసి నువ్వే ఇల్లు చెప్పావట. ఎంత మర్యాదస్తుడే. కాఫీ ఇచ్చాను. కేకు పై అంతస్తు ముట్టుకోకుండా కింది దాన్లోంచి ఓ ముక్క కోసి పెట్టాను. ఇదిగో, మాట్లాడు."

నేను వద్దనే లోపల ఫోన్ చేయి మారింది.

"మేడమ్, కొరీన్ అక్కడికే వస్తోందని మీరు నాతో అనలేదే," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "వచ్చేసిందా?"

ఊరంతా భయపడే నోరు అప్పుడే మూతపడింది.

"సరే, వస్తున్నా. కేకు బాగుంది." ఫోన్ పెట్టేశాడు.

లైసెన్సు లోవెల్ చేతిలో కుక్కాను. రాష్ట్రంలో ఎక్కడైనా అది చెల్లుతుంది, ఎక్కడికి పోతారో నాకు కూడా చెప్పొద్దన్నాను. వెనక మెట్ల మీదుగా వెళ్ళిపోయారు. డ్వైట్‌కు మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి మారు మాట్లాడకుండా కారు తీశాడు. ఆర్డిత్ గుమ్మంలో నిలబడి, అతను అంత తొందరగా వెళ్ళిపోయాడేమని బాధపడుతోందట. ఆవిణ్ణి అటునుంచి అటే చెల్లెలింటికి తీసుకెళ్ళాడు.

పదిన్నరకు అతను మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు. చొక్కా చేతి మీద తెల్లటి మీగడ మరక. డ్వైట్ వచ్చి మెట్ల దగ్గర నిలబడితే అతనికీ నమస్కారం చెప్పాడు. సాయంత్రం అయిదు దాకా బెంచీ మీద కదలకుండా కూర్చుని, నేను తాళం తీసుకున్నాక లేచాడు.

"పెళ్ళయ్యాక పాస్టరు సంతకంతో ఆ కాగితం మీ దగ్గరికే తిరిగి రావాలిగా మేడమ్? ఏ ఊళ్ళో చేశాడో కూడా రాయాలి. మీరు పుస్తకంలో ఎక్కించాలి. సోమవారం వస్తాను."

ఆ రాత్రి నేను తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను. ఎవరి కోసమో నాకే తెలియలేదు, నాతో అతనికి పనేముంది?

కాగితం పదకొండు రోజులకు వచ్చింది. కవరు మీద ఊరి పేరు చదివి, మళ్ళీ చదవకుండా సొరుగు అడుగున పెట్టాను. ఇరవై ఆరేళ్ళలో పుస్తకంలో ఎక్కించని కాగితం అదొక్కటే. ప్రమాణం చేసి కుర్చీలో కూర్చున్నదాన్ని, బయటపడితే ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెట్టొచ్చు. పత్రికకు జాబితా పంపడం మానేశాను. చివరి పేజీ బోసిపోయిందని ఎడిటరు వచ్చి దెబ్బలాడాడు. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా సణిగారు.

అతను సోమవారం వచ్చాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం వస్తున్నాడు. నేను పుస్తకం తెచ్చి తెరుస్తాను. ఎడమ పక్క వాళ్ళ పేర్లు, కుడి పక్క ఖాళీ. ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూసి, థాంక్స్ చెప్పి వెళ్తాడు. సొరుగు నా మోకాలికి తగులుతూ ఉంటుంది. డిసెంబరులో నేను రిటైరవుతాను. నా కుర్చీలోకి వచ్చే అమ్మాయి చాలా పద్ధతైనది. వచ్చిన రోజే సొరుగులన్నీ సర్దుతానంటోంది. దాని మొహం చూసి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.

మొన్న ఒక పిల్ల ఒంటరిగా వచ్చింది. ఫారం సగం నింపి, చిరునామా దగ్గర పెన్ను ఆపింది.

"ఇది ఎవరు చూస్తారండీ?"

బెంచీ వైపు చూశాను. ఖాళీగానే ఉంది, మంగళవారం కదా.

"ఎవరైనా చూడొచ్చమ్మా," అన్నాను. "ఎవరడిగినా నేను చూపించాల్సిందే."

ఆ పిల్ల పెన్ను బల్ల మీద పెట్టి, ఫారం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. నేను పిలవలేదు.