తొమ్మిది వేళ్ళ టైపు

టైపు హయ్యరు ఫస్టుక్లాసులో పాసవడమంటే ఆ రోజుల్లో మాటలా! అమలాపురం రిజిస్ట్రారాఫీసు ఎదుట డీటీపీ షాపు నడిపే సుందరి ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా అందరికీ చెబుతూనే ఉంది. అలాంటిది, మొన్న డాక్టరు నొప్పెడుతున్న ఆమె కుడిచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి టైపు మానేయమన్నాడు. మానేసి ఏం చెయ్యాలిట? దస్తావేజులు కొట్టడం తప్ప ఆవిడకి ఇంకో పని రాదు, నేర్చుకోవాలనీ లేదు.

సంగతి విని మస్కట్‌లో ఉన్న తమ్ముడు, చేతులకి శ్రమ తగ్గుతుందని రెండు ముక్కల కీబోర్డు పంపించాడు. ఒక్కో చేతికి ఒక్కో ముక్క. ఏ మీట ఏ అక్షరం కొట్టాలో దాని లోపలి ప్రోగ్రాములో మనమే రాసుకోవచ్చు. రాసిపెట్టడానికి కంప్యూటర్ల మెకానిక్ తాతారావు వచ్చాడు.

“ఏ వేలితో ఏది కొడతారో చెప్పండక్కా.”

సుందరి నిటారుగా కూర్చుని, ఇనిస్టిట్యూట్‌లో నేర్పిన చార్టు గడగడా అప్పజెప్పింది. తాతారావు అంతా ఎక్కించాడు. తీరా ఆవిడ దస్తావేజు మొదలుపెడితే, రెండు లైన్లకే తెరమీద అడ్డమైన రాతా వచ్చింది.

“ఇదేం వస్తువయ్యా బాబూ!”

తాతారావు మళ్ళీ సరిచూశాడు. చార్టులో తప్పు లేదు.

“కీబోర్డు పక్కనెట్టి, కళ్ళు మూసుకుని ఉత్త బల్లమీద కొట్టండక్కా. నే చూస్తాను.”

“పిచ్చా నీకు?”

“ఆయ్, పిచ్చే అనుకోండి. కొట్టండి.”

బల్లమీద వేళ్ళు టకటకలాడాయి. కాసేపు చూసి తాతారావు గొంతు తగ్గించాడు.

“మీ కుడి చిటికెనవేలు ఒక్కసారీ దిగలేదండక్కా. దాని పనంతా ఉంగరంవేలే చేస్తంది. ఎన్నాళ్ళబట్టీ?”

సుందరి కళ్ళు తెరిచింది. షాపులో ఇంకెవరూ లేరు, అదే నయం.

“రెండేళ్ళయింది. దానికి పట్టు లేదయ్యా. ఎవరికీ చెప్పలేదు. పది వేళ్ళూ ఆడనిదాన్ని టైపిస్టంటారా ఎవరైనా?” అంటూనే సిగ్గు ముంచుకొచ్చి ఏడ్చేసింది.

“పాత కీబోర్డుమీద ఉంగరంవేలు పక్కకి జరిగి సర్దుకుపోయిందండీ. ఇందులో ఏ వేలి మీటలు దానివే, పక్కదానికి అందవు. ముందే చెప్తే గంటలో అయిపోను గదండక్కా,” అన్నాడు తాతారావు మెల్లగా.

చిటికెనవేలి మీటలన్నీ ఉంగరంవేలికీ బొటనవేలికీ పంచి మళ్ళీ ఎక్కించాడు. సుందరి తడుముకుంటూ, మధ్యమధ్య తాతారావుని తిట్టుకుంటూ, సాయంత్రానికి ఒక పేజీ పూర్తిచేసింది. చెయ్యి నొప్పెట్టలేదు.

అప్పుడే కాగితాలు పట్టుకుని వచ్చిన రైతు నూకయ్య గుమ్మంలోనే ఆగి, టకటకలాడుతున్న ఆవిడ వేళ్ళకేసి వింతగా చూశాడు.

“అదేంటండమ్మా, ఓ వేలు ఊరికే ఉంచేసేరు?”

సుందరి కొట్టడం ఆపి అతనివైపు తిరిగింది.

“అది పనిచెయ్యదండీ నూకయ్యగారూ. నాకు తొమ్మిదే,” అంది. “ఏవీ, మీ కాగితాలు ఇలా ఇవ్వండి.”